గింజతో పాటు కట్టెనూ తూచే చోటు

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ చేలల్లో పైరు నిలువునా మాడింది. ముందు చిగురాకుల మీద గోధుమరంగు మచ్చలు కనిపించేవి. ఆ మాడు ఆకుకాడల్లోకి, అక్కణ్ణుంచి కాండంలోకి దిగేది. నెల కూడా నిండని మొక్కకు సోకితే ఇక అది దక్కేది కాదు. తట్టుకుని నిలిచిన మొక్కను పీకి చూస్తే కాయలు గిడసబారి, పెంకు మీద నల్లటి మచ్చలతో ఉండేవి. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని తర్వాత శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వానలు మొహం చాటేసి పంట పోవడం ఆ సీమ రైతుకు తాతల నాటి నుంచీ తెలిసిన కష్టం. పదును దొరికి, విత్తనం మొలిచి, పైరు పచ్చబడ్డాక ఇలా పోవడం మాత్రం ఎరగనిది.

మొదట అందరి అనుమానమూ మొవ్వుకుళ్ళు తెగులు మీదికి పోయింది. తామర పురుగులు మోసుకొచ్చే ఆ వైరస్ తెగులు అక్కడ పాతదే, లక్షణాలూ దగ్గరగానే ఉంటాయి. కానీ పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు దొరికింది వేరే వైరస్. దాని పేరు టొబాకో స్ట్రీక్ వైరస్. మన దేశంలో వేరుశనగ మీద దాన్ని గుర్తించడం అదే మొదలు. రైతులకు ఇప్పుడది కాండంకుళ్ళు వైరస్ తెగులుగా తెలుసు.

ఏ వైరసైతేనేం, పోయిన పంట పోయినట్టే కదా అనిపించవచ్చు. కానీ ఏ వైరసో తేలితే తప్ప ఏం చెయ్యాలో తేలదు. మొవ్వుకుళ్ళు వైరస్ తామర పురుగు ఒంట్లోనే పెరుగుతుంది, పురుగు బతికినన్నాళ్ళూ దాన్ని పంచుతూ పోతుంది. ఈ కొత్త వైరస్ దారి అది కాదు. ఇది పుప్పొడి మీద ప్రయాణం చేస్తుంది. తామర పురుగు పూలలో తిరుగుతూ పుప్పొడిని ఒంటికి పూసుకుంటుంది. గాలికి ఎగిరిన పుప్పొడి వేరుశనగ ఆకుల మీదా పడుతుంది. లేత ఆకును పురుగు గీకినప్పుడు పడే సన్నటి గాయంలోంచి, ఆ పుప్పొడిలోని వైరస్ మొక్కలోకి దిగుతుంది. అయితే అన్ని లక్షల ఎకరాలకు సరిపడా వైరస్ నిండిన పుప్పొడి ఏ మొక్కది? వయ్యారిభామది. ఆ మొక్కకు వైరస్ సోకినా పైకి ఒక్క మచ్చ కూడా కనిపించదు. పచ్చగా నవనవలాడుతూ పూస్తూనే ఉంటుంది.

ఇక ఆ కలుపు ఎక్కడ పెరుగుతుందో చూడండి. చేను గట్ల మీద, బాటల వెంట, విత్తకుండా వదిలేసిన బీళ్ళలో, అన్నిటికీ మించి ఊరి మేత పోరంబోకులో. గొర్రె గానీ ఆవు గానీ దాన్ని ముట్టవు. పక్కనున్న గడ్డిని మాత్రం వేరు దాకా కొరుకుతాయి. ఏళ్ళ తరబడి ఓపికకు మించి మేపిన బీడులో గడ్డి చచ్చి, మేకలు కూడా వద్దన్న మొక్క మిగిలింది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. అంటే వేరుశనగ చేనుకొచ్చిన జబ్బు మూలం చేలో లేదు, పక్కనున్న మేత బీడులో ఉంది. పంటను ఒకరు, మేతను ఒకరు విడివిడిగా చూసుకునే ఏర్పాటులో ఈ సంగతి బయటపడటం కష్టం.

కనిపెట్టాక చెప్పిన ఉపాయమూ అలాంటిదే. వయ్యారిభామను పూతకు రాకముందే పీకెయ్యమన్నారు. విత్తనశుద్ధి చెయ్యమన్నారు. చేను చుట్టూ కొన్ని సాళ్ళు జొన్న గానీ సజ్జ గానీ దగ్గర దగ్గరగా వెయ్యమన్నారు. వేరుశనగ కంటే త్వరగా ఎత్తు పెరిగే ఆ సాళ్ళు గాలిలో కొట్టుకొచ్చే తామర పురుగులను అడ్డుకుంటాయి. పంట అయ్యాక ఆ గోడను కోసి పశువులకు వేసుకోవచ్చు. ఈ సలహా అక్కడి రైతుకు వెంటనే ఎక్కడానికి ఆ రెండో సంగతే ఎక్కువ కారణమని నేను నమ్ముతాను.

ఒక ప్రాంతీయ పరిశోధనా స్థానం ఎందుకుండాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. వైరస్ పేరు తేల్చడానికి పెద్ద ప్రయోగశాల కావాలి, అది పటాన్‌చెరులో ఉన్నా చాలు. ఏ గట్టు మీది కలుపు ఏ నెలలో పూస్తుందో, ఆ నెలలో వేరుశనగకు ఎన్ని రోజుల వయసుంటుందో తెలియాలంటే మాత్రం ఆ నేల మీదే ఉండాలి.

రాయలసీమలో ఆ పని వందేళ్ళకు పైబడి సాగుతోంది. నంద్యాలలో నల్లరేగడి మీద పరిశోధన క్షేత్రం 1906లో మొదలైంది. 1930లలో దేశంలో మెట్టసేద్యం మీద తొలిసారి పెద్ద ఎత్తున పరిశోధనలు పెట్టినప్పుడు, ఎంచుకున్న అయిదు చోట్లలో ఒకటి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లా హగరి. 1970లో అఖిల భారత మెట్టసేద్య సమన్వయ పథకం వచ్చాక అనంతపురం పక్కన రేకులకుంట క్షేత్రం ఎర్రనేలల కోసం పనిచెయ్యడం మొదలుపెట్టింది. 1979 తర్వాత దేశాన్ని వానను, నేలను బట్టి మండలాలుగా విడగొట్టి, ఒక్కో మండలానికి ఒక ప్రాంతీయ కేంద్రం పెట్టారు. అల్ప వర్షపాత మండలానికి నంద్యాల కేంద్రమైంది. రేకులకుంట, కదిరి లాంటి స్థానాలు దాని కిందికి వచ్చాయి.

మండలాన్ని జిల్లా సరిహద్దులతో కాక వానతో గీయడం గొప్ప ఆలోచన. అనంతపురానికి ఏడాదికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల లోపే. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం దాటి లోపలికి వచ్చేసరికి నీరసపడతాయి. అయినా అసలు చిక్కు ఆ 550లో లేదు. జూలైలో మంచి వాన పడి రైతు విత్తుతాడు, ఆ తర్వాత మూడు వారాలో నాలుగు వారాలో చినుకుండదు. దాన్నే బెట్ట అంటారు. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఆ సంవత్సరం కరువుగా కనిపించకపోవచ్చు, పంట మాత్రం పోయుంటుంది. ఏ వారంలో బెట్ట ఎక్కువసార్లు వచ్చిందో తెలియాలంటే ఒకే చోట దశాబ్దాల పాటు రోజూ పొద్దున్నే వానమాపకం చదివి రాసిన పుస్తకాలుండాలి. పరిశోధనా స్థానాల్లో ఎవరికీ పేరు తెచ్చిపెట్టని పని అది. జూలై దాటితే వేరుశనగ కాక ఏం వెయ్యాలి, ఆగస్టు కూడా దాటితే ఉలవలు మాత్రమే ఎందుకు మిగులుతాయి అనే సలహాలన్నీ ఆ పుస్తకాల్లోంచి వచ్చినవే.

వేరుశనగకు బెట్ట ఎందుకంత ప్రమాదమో కాస్త వివరంగా చెప్పాలి. ఈ మొక్క పూసేది నేల పైన, కాసేది నేల లోపల. పూత రాలాక దాని మొదలు నుంచి ఊడ సాగి మట్టిలోకి దిగుతుంది. దాని కొస నేలలోకి చేరాకే కాయ ఊరుతుంది. అనంతపురం ఎర్రనేల లోతు తక్కువ, తడి ఆరితే పైపొర గట్టిపడిపోతుంది. ఊడలు దిగే వారంలో బెట్ట వస్తే వందల ఊడలు నేలను తాకి, లోపలికి పోలేక ఎండిపోతాయి. ఇంకో విశేషం కూడా ఉంది. కాయ పెంకుకు, పప్పుకు కావలసిన సున్నం వేళ్ళ ద్వారా రాదు. కాయే తన చుట్టూ ఉన్న మట్టిలోంచి నేరుగా పీల్చుకుంటుంది, అదీ తడిలో కరిగితేనే. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్క మొదట్లో వేసి మట్టి ఎగదొయ్యమనడం ఇందుకే. ఎరువు వేళ్ళకు కదా అని అడుగుకు వేసేస్తే కాయకు అందదు.

అందుకే రేకులకుంట పరిశోధనల్లో చాలా భాగం, పడ్డ ప్రతి చినుకునూ ఆ జానెడు మట్టిలో నిలపడం గురించే. 3.6 మీటర్లకొకటి చొప్పున వాలుకు అడ్డంగా గొడ్డుచాళ్ళు తియ్యమన్నారు. కురిసిన నీళ్ళు పారిపోకుండా అందులో ఆగి ఇంకుతాయి. పదును రెండు మూడు రోజుల్లో ఆరిపోయే చోట ఎడ్ల గొర్రుతో విత్తుతూ కూర్చుంటే సగం చేను మిగిలిపోతుందని, ట్రాక్టరుతో విత్తే అనంత ప్లాంటర్ తయారుచేశారు. ఏడు సాళ్ళ వేరుశనగకు ఒక సాలు కంది పెట్టమన్నారు. వేరుశనగ పోయినా లోతుకు వేళ్ళు దించే కంది చివరి వానలతో గట్టెక్కుతుంది.

ఇదంతా గింజ కథ. అక్కడి రైతు ఇంట్లో లెక్క ఇంకోటి కూడా ఉంటుంది.

వేరుశనగ కాయలు కోసుకున్నాక మిగిలే కాండం, ఆకునే కట్టె అంటారు. దాన్ని వామి వేసి దాచుకుంటారు. వేసవిలో ఎద్దులకు, ఆవులకు, బర్రెలకు అదే ఆధారం. పప్పుజాతి మొక్క కాబట్టి వరిగడ్డి కంటే, జొన్న చొప్ప కంటే దాంట్లో మాంసకృత్తులు బాగా ఎక్కువ. కాయ సరిగ్గా కాయని ఏడాది కట్టె అమ్ముకుని విత్తనం అప్పు తీర్చుకున్న ఇళ్ళున్నాయి. కోతలయ్యాక చేలోకి గొర్రెల మంద దిగుతుంది. రాలిన ఆకూ, మిగిలిన ఊడలూ మేసి, రాత్రికి అక్కడే పడుకుని పెంట వేస్తుంది. మంద తోలినందుకు కాపరికి రైతే రాత్రికింతని ముట్టజెబుతాడు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో నిలిచాయి. అన్ని గొర్రెలు మేత బీళ్ళ మీదే బతకడం లేదు. ఏడాదిలో చాలా నెలలు కోసిన చేల మీదే బతుకుతున్నాయి.

ఇంత తెలిసీ, చాలాకాలం కొత్త వంగడాన్ని ఎంపిక చేసేటప్పుడు గింజ ఒక్కటే తూచారు. 1964లో వచ్చిన సి.ఎస్.హెచ్. 1 జొన్న హైబ్రిడ్ గింజ దిగుబడిలో అంతకుముందున్న రకాలను దాటిపోయింది. కానీ మొక్క పొట్టి, చొప్ప తక్కువ. వానలు ఆగకముందే కంకి పండి గింజకు బూజు పట్టేది. రెండు జతల ఎద్దులున్న రైతు దాన్ని వద్దంటే మొండితనం అన్నారు. ఎద్దులకు ఎనిమిది నెలల మేత ఎక్కణ్ణుంచి తెస్తాడని అడిగినవాళ్ళు తక్కువ.

ఆ రైతు లెక్క సరైనదేనని బజారే రుజువు చేసింది. పటాన్‌చెరులో అంతర్జాతీయ పశుపరిశోధన సంస్థ తరపున పనిచేసిన మైకేల్ బ్లూమెల్, ఆయన సహచరులు 2000 దశకం నడుమ హైదరాబాద్ మేత బజార్లలో జొన్న చొప్ప ధరలను ఏడాది పొడవునా గమనించారు. డైరీల వాళ్ళు చొప్పను చూసి, విరిచి, రకాన్ని బట్టి వేరు వేరు ధరలు కట్టేవారు. అదే చొప్పను ప్రయోగశాలలో పరీక్షిస్తే, జీర్ణమయ్యే భాగం నూటికి 47 దగ్గర ఉన్నదానికీ 52 దగ్గర ఉన్నదానికీ మధ్య ధరలో నాలుగో వంతు దాకా తేడా కనిపించింది. అయిదు పాళ్ళ తేడాను యంత్రం లేకుండా కంటితో, చేత్తో పట్టేశారన్నమాట.

జీర్ణశక్తిని ప్రయోగశాలలో కొలిచే పద్ధతి బాగుంటుంది. ఆవు మొదటి పొట్టలోని ద్రవాన్ని తీసి, పొడి చేసిన మేతతో కలిపి గాజు గొట్టంలో వెచ్చగా ఉంచుతారు. అందులోని సూక్ష్మజీవులు మేతను పులియబెట్టినకొద్దీ వాయువు పుడుతుంది. ఎక్కువ వాయువంటే ఎక్కువ అరుగుదల. కాకపోతే వేల నమూనాలకు ఇది కుదిరే పని కాదు. అందుకని పొడి మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి, ఏ తరంగాలను ఎంత మింగిందో చూసి, మాంసకృత్తులనూ అరుగుదలనూ నిమిషాల్లో అంచనా కట్టే పద్ధతి తెచ్చారు. అలా చూస్తే ఎంతో ఊరటనిచ్చే సంగతి తేలింది. గింజ దిగుబడి తగ్గకుండానే మంచి మేతనిచ్చే రకాలున్నాయి. ఇన్నాళ్ళూ ఎవరూ వెతకలేదు, అంతే.

మేతను కొలవడంలో బరువు, అరుగుదలతోనే పని తీరదు. బెట్టకు గిడసబారిన లేత జొన్నలో, కోసిన మోళ్ళ నుంచి వచ్చే పిలకల్లో నాము ఉంటుంది. ఆ మొక్కలోని ఒక పదార్థం పశువు నమలగానే విడిపోయి సైనైడు విషమవుతుంది. కడుపు నిండా మేసిన ఎద్దు గంటలోపే నేలకొరగడం సీమలో పెద్దవాళ్ళు చూసినదే. కరువు మండలానికి మేత జొన్న రకం ఇవ్వాలంటే, కరువులో దాని విషం ఎంత పెరుగుతుందో అదే కరువులో పెంచి చూడాలి. వానలు నిండుగా పడే చోట చేసిన పరీక్ష ఇక్కడ పనికిరాదు.

ఇక వేరుశనగ దగ్గరికి వద్దాం. అనంతపురంలో దశాబ్దాల పాటు ఏలినది టి.ఎం.వి. 2 అనే రకం. తిండివనం పరిశోధనా స్థానం దాన్ని 1940లో విడుదల చేసింది. తర్వాత ఎన్నో మెరుగైన రకాలు వచ్చినా అది కదల్లేదు. దీనికి రైతు మొండితనం కారణం కాదు, విత్తనం లెక్క కారణం. హెక్టారు జొన్నకు 10 కిలోల విత్తనం చాలు, పండేది 1,000 కిలోలనుకుంటే ఒకటికి వంద. ఒక టన్ను కొత్త విత్తనం రెండు పంటల్లో 10,000 టన్నులవుతుంది, పది లక్షల హెక్టార్లకు సరిపోతుంది. వేరుశనగకు హెక్టారుకు 150 కిలోల కాయలు కావాలి. మంచి పంట 1,200 కిలోలనుకున్నా ఒకటికి ఎనిమిదే. ఆ రోజుల్లో జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ వేసేవారు, అంటే లక్ష టన్నులకు పైగా విత్తనం. ఒక టన్నుతో మొదలుపెట్టి అక్కడికి చేరాలంటే, ఒక్క కాయా తినకుండా, నూనె మిల్లుకు పోనివ్వకుండా ఆరు పంటలు వరసగా పండాలి. ఆ ఆరింటిలో రెండు కరువులొచ్చాయంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

కొత్త రకాన్ని పుట్టించడం కంటే దాన్ని రైతు గరిసెలోకి చేర్చడం కష్టమని ఈ లెక్క చెబుతుంది. 2002 నుంచి ఇక్రిశాట్, రేకులకుంట శాస్త్రవేత్తలు, జిల్లాలోని ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి కొత్త రకాలను రైతుల చేలల్లోనే పెట్టి, ఏది కావాలో వాళ్ళనే ఎంచమన్నారు. వాళ్ళు ఎంచినది ఐ.సి.జి.వి. 91114. మూడు నెలలకు కాస్త అటూ ఇటూగా కోతకొస్తుంది, నడుమ బెట్టను తట్టుకుంటుంది. కోత నాటికి ఆకు నిలబడి ఉండటం చూసి రైతులు దాన్ని మెచ్చుకున్నారు. ఆకుమచ్చ తెగులుకు ఆకంతా రాలిపోయిన కట్టెలో పుల్లలు తప్ప ఏముంటుంది? పాడి పశువులకు మేపి చూస్తే, పాత రకం కట్టె తిన్నవాటి కంటే దీని కట్టె తిన్నవి సుమారు 11 శాతం ఎక్కువ పాలిచ్చాయి. 2006లో రాష్ట్రం దాన్ని విడుదల చేసింది. కదిరి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన కదిరి 6 కూడా అదే కాలంలో పల్లెలకు చేరింది. టి.ఎం.వి. 2 మెల్లగా పక్కకు తప్పుకుంది.

చేనులో మేత సంగతి ఇది. బీడులో మేత సంగతి ఇంకా వెనకబడి ఉంది. అక్కడ చెప్పుకోదగ్గ మొక్క స్టైలో. పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ రేవు చుట్టుపక్కల ఎవరూ విత్తకుండానే మొలిచి, క్వీన్స్‌లాండ్ మేత భూముల్లోకి పాకింది. 1970లలో మచ్చతెగులు అక్కడి స్టైలోను తుడిచిపెట్టాక, తెగులును తట్టుకునే రకాల కోసం ఆస్ట్రేలియా, భారత్, చైనా, బ్రెజిల్ శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. ఆ పనిలో అనంతపురం పల్లెలు తారసపడతాయి. మన దేశంలో స్టైలో విత్తనం పండించే ముఖ్యమైన చోటు ఈ జిల్లాయే. గింజ పండగానే రాలిపోతుంది కనుక కోసి నూర్చడం కుదరదు. ఎండాకాలంలో నేలను చీపుళ్ళతో ఊడ్చి, మట్టితో సహా పోగుచేసి, చెరిగి, జల్లించి గింజ తీస్తారు. ఎక్కువగా ఆడవాళ్ళు చేసే ఈ ఓపిక పనితో తయారైన విత్తనం వాటర్‌షెడ్ పథకాలకు, అడవి శాఖలకు పోతుంది. దేశంలో ఎన్నో బీళ్ళు పచ్చబడింది వీళ్ళ చీపుళ్ళతో.

స్టైలో గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది, చౌడు కాని పేద నేలల్లోనూ బతుకుతుంది. వానాకాలంలో పశువులు పచ్చగడ్డినే ఎంచుకుని దీన్ని అంతగా ముట్టవు. గడ్డి ఎండాక దీని వైపు తిరుగుతాయి. అంటే అదే ఎండాకాలపు నిల్వ. వయ్యారిభామ ఆక్రమించిన పోరంబోకును మళ్ళీ మేతగా మార్చడానికి గడ్డితో కలిపి దీన్ని వేయవచ్చు. కానీ ఊరుమ్మడి నేలలో మొదటి ఏడాది మందలను ఆపేదెవరు? విత్తనం, ఎరువు గురించి చెప్పగలిగినంత ధైర్యంగా ఈ ప్రశ్నకు ఏ పరిశోధనా స్థానమూ జవాబు చెప్పడం లేదు. ఊరి కట్టుబాటును కూడా నేలలాగే పరిశోధించాల్సిన విషయంగా చూసేదాకా చెప్పలేదు కూడా.

ఈలోగా జిల్లా మారిపోతోంది. వేరుశనగ విస్తీర్ణం బాగా తగ్గింది. దాని చోట కంది పెరిగింది, కంది కట్టె పొయ్యిలోకే గాని గాడిలోకి పనికిరాదు. బోర్లు, డ్రిప్పుల కింద చీనీ, మామిడి తోటలు పెరిగాయి, వాటి చుట్టూ కంచెలు లేచాయి. మంద దిగే చేలు తగ్గిపోతున్నాయి. ఇటువైపు పరిశోధన కూడా ముక్కలైంది. 2005లో పశువైద్యానికి, 2007లో ఉద్యానానికి వేరే విశ్వవిద్యాలయాలు వచ్చాయి. ఒక్కో శాస్త్రానికి విడిగా నిధులు, మనుషులు దొరకడం మంచిదే. కానీ మామిడి సాళ్ళ నడుమ స్టైలో వేసి, కోత అయ్యాక గొర్రెలను తోలాలనుకునే రైతు, వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిపి మూడింటి తలుపులు తట్టాలి. స్టైలో వేళ్ళు మామిడికి దక్కాల్సిన తడిని ఏ నెలలో ఎంత లాగేస్తున్నాయి, ఎన్నేళ్ళ చెట్టయితే గొర్రె దాని బెరడు జోలికి పోదు, తోటకు కొట్టిన పురుగుమందు ఎన్ని రోజులకు మేతలోంచి పోతుంది, ఎకరాకు ఎన్ని గొర్రెలు సరి: ఇవి ఒకే తోటలో, కనీసం అయిదారేళ్ళు, ముగ్గురూ కలిసి కొలవాల్సిన సంగతులు. అలాంటి తోటలు అల్ప వర్షపాత మండలంలో నేల రకానికి ఒకటి చొప్పున, ఎర్రనేలలో రెండు, నల్లరేగడిలో ఒకటి పెట్టినా పని మొదలవుతుంది.